ఫ్రీ టీ నుంచి ఓటీపీ దాకా: ఊరికే ఇచ్చినవాళ్లు తిరిగి ఏం అడిగారు?

పోయిన ఆదివారం అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతున్నాను. కింద చిన్న టేబుల్, వెనకాల ఒక బ్యానర్, ముందు కంపెనీ టీషర్ట్ వేసుకున్న ఒక అమ్మాయి. చేతిలో ట్రే, ట్రేలో ఫేస్‌వాష్ ప్యాకెట్లు. "ఫ్రీ శాంపిల్ సార్, తీసుకోండి" అంది. ఫ్రీ అంటే మన చెయ్యి మనల్ని అడగదు కదా, దానంతటదే ముందుకెళ్లింది. ప్యాకెట్ వేళ్లకి తగిలేలోపే ఆ అమ్మాయి ట్యాబ్ తీసి, "మీ నంబర్ చెప్పండి సార్, ఓటీపీ వస్తుంది, అది చెప్తే చాలు" అంది.

నేను ఆగిపోయాను. నేను ఆగడం చూసి ఆ అమ్మాయి గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "సాయంత్రానికి 150 ఓటీపీలు అవ్వాలి సార్. ఇంకా 40 కూడా కాలేదు."

అప్పుడు నేనేం చేశానో చివర్లో చెప్తాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పది రూపాయల ఫేస్‌వాష్ ఊరికే ఇవ్వడానికి ఓటీపీ ఎందుకు? ఇలా ఊరికే ఇవ్వడం మన దేశంలో ఎప్పుడు మొదలైంది? అప్పట్లో ఇచ్చినవాళ్లు తిరిగి ఏం అడిగారు? ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఇదే. మూడు పాత కథలు, ఒక కొత్త కథ. ఆ కొత్త కథలో నా తప్పు కూడా ఉంది. దాచకుండా చెప్తాను.

మొదటి కథ, టీ.

ఇప్పుడు ఈ వీడియో చూస్తున్న వాళ్లలో సగం మంది చేతిలో టీ గ్లాస్ ఉండే ఉంటుంది. టీ అంటే మనకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు అనిపిస్తుంది. కానీ మన ముత్తాతల కాలంలో చాలా ఇళ్లల్లో పొయ్యి మీద టీ లేదు. అస్సాంలో, నీలగిరుల్లో తోటలు ఉన్నాయి. ఆ తోటల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ కంపెనీలవి. ఆకు కోసేది మనవాళ్లు, తాగేది లండన్ వాళ్లు. 1903లో ఒక చట్టం తెచ్చి, ఎగుమతయ్యే టీ మీద సెస్సు వేశారు. ఆ డబ్బు దేనికంటే, టీకి ప్రచారం చెయ్యడానికి. అంటే ఒక కంపెనీ బ్రాండ్‌కి కాదు, "టీ" అనే వస్తువుకే మార్కెటింగ్ బడ్జెట్ అన్నమాట.

మొదట్లో ఆ ప్రచారం ఎక్కువగా విదేశాల్లో జరిగింది. తర్వాత 1929లో ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం వచ్చి టీ రేటు పడిపోయింది. 1933లో ఇండియా, సిలోన్, డచ్ ఈస్టిండీస్ తోటల వాళ్లు కలిసి, ఎగుమతులు తగ్గించుకుందామని ఒప్పందం చేసుకున్నారు. బయటికి పంపే దారి తగ్గింది, తోటల్లో ఆకు మాత్రం పెరుగుతూనే ఉంది. మరి ఎవరికి అమ్మాలి? 1931 జనాభా లెక్కల్లో మన దేశ జనాభా సుమారు 35 కోట్లు. అందులో ఎక్కువమందికి టీ అలవాటే లేదు. ఒక మార్కెటింగ్ హెడ్‌కి ఇంతకన్నా మంచి కల ఏముంటుంది చెప్పండి?

అలా 1930ల్లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలైంది. సంతల్లో, బజార్లలో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర వేడి వేడి టీ కాచి ఊరికే పోశారు. చిన్న ప్యాకెట్లు కట్టి పంచారు. టీ ఎలా కాయాలో స్థానిక భాషల్లో రాసిన ఎనామెల్ బోర్డులు రైల్వే స్టేషన్లలో పెట్టారు. నీళ్లు మరగబెట్టండి, ఆకు వెయ్యండి, ఇన్ని నిమిషాలు ఆగండి, ఇలా స్టెప్ బై స్టెప్. ఇవాళ్టి "హౌ టు" వీడియోకి అది తాతగారు. పెద్ద నగరాల్లో అయితే మనుషులు ఇంటింటికీ వెళ్లి కాచి చూపించారు. పరదా పాటించే ఇళ్లకి ఆడవాళ్లని పంపారు.

దీన్ని అందరూ మెచ్చుకోలేదు. కలకత్తాలో ఆచార్య ప్రఫుల్ల చంద్ర రే ఉన్నారు. పెద్ద కెమిస్ట్, బెంగాల్ కెమికల్స్ స్థాపించిన మనిషి. టీ వద్దని గట్టిగా వాదించారు. గాంధీజీ కూడా ఆరోగ్యం గురించి రాసినప్పుడు టీని మెచ్చుకోలేదు. మరి టీ వాళ్లు ఏం చేశారు? స్వాతంత్ర్యం వచ్చే సమయానికి అదే టీని నూటికి నూరు శాతం స్వదేశీ అని పోస్టర్ వేశారు. 1947లో అన్నదా మున్షీ అనే ఆర్టిస్ట్ చేసిన పోస్టర్ అది. తోటల మీద తెల్లవాళ్ల పెత్తనం ఇంకా పోలేదు, పోస్టర్ మీద మాత్రం స్వదేశీ వచ్చేసింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ప్రచారం చేసినవాళ్లు చెప్పిన పద్ధతిలో ఆకు ఎక్కువ, పాలు తక్కువ. మన టీ కొట్టువాళ్లు దాన్ని తిరగేశారు. పాలు, పంచదార ఎక్కువ పోసి, అల్లం, యాలకులు వేసి ఆకు ఖర్చు తగ్గించారు. పైవాళ్లకి ఇది అస్సలు నచ్చలేదు. కానీ గెలిచింది కొట్టువాళ్లే. ఇవాళ మనం తాగేది వాళ్ల టీయే.

మరి ఊరికే టీ పోసినవాళ్లు తిరిగి ఏం అడిగారు? అలవాటు. ఒక్కసారి నాలిక్కి అంటుకుంటే, రేపు డబ్బిచ్చి తాగుతావు. అంతే ఆశించారు. మీ పేరు వాళ్లకి అక్కర్లేదు.

రెండో కథ మనది. అచ్చంగా తెలుగువాడిది.

మా నాయనమ్మ దిండు కింద ఎప్పుడూ ఒక చిన్న గాజు సీసా ఉండేది. లోపల పసుపు రంగు బామ్. నాకు జ్వరమొచ్చినా, పరీక్ష ముందు రోజు నిద్ర పట్టకపోయినా, నుదుటి మీద అదే రాసేది. కళ్లు మండి నేను గోల చేసేవాణ్ణి. సీసా ఖాళీ అయితే పారేసేది కాదు, పిన్నీసులు వేసుకునేది. మీకు అర్థమైపోయి ఉంటుంది, అది అమృతాంజనం.

దాన్ని తయారుచేసిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1867లో కృష్ణా జిల్లాలో పుట్టారు. మద్రాసులో బీఏ చదివి, పని వెతుక్కుంటూ బొంబాయి చేరారు. మందుల వ్యాపారం నేర్చుకుని 1893లో అక్కడ అమృతాంజనం మొదలుపెట్టారు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. కొత్త మందుని ఎవరు కొంటారు?

ఆయన సంగీత కచేరీలకి వెళ్లి బామ్ ఊరికే పంచారు. ఇది ఎందుకు పనిచేసిందో నా అంచనా చెప్తాను. కచేరీ అంటే గంటల తరబడి జనం ఒకేచోట కూర్చుంటారు. వందమందిలో పదిమందికైనా తలనొప్పి ఉంటుంది. ఒకళ్లు రాసుకుంటే ఆ ఘాటు పక్క నాలుగు వరసలకి వెళ్తుంది. "ఏంటండీ ఆ వాసన?" అని పక్కవాళ్లు అడుగుతారు. రాసుకున్నవాళ్లే చెప్తారు. అంతకన్నా మంచి యాడ్ ఏముంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆ బామ్ డబ్బు ఎక్కడికి వెళ్లింది? 1908లో పంతులు గారు బొంబాయి నుంచే "ఆంధ్రపత్రిక" వారపత్రిక మొదలుపెట్టారు. 1914లో మద్రాసుకి మారి దాన్ని దినపత్రిక చేశారు. స్వాతంత్ర్యోద్యమం వార్తలు తెలుగువాళ్లకి చేర్చిన పత్రికల్లో అది ముఖ్యమైనది. 1924లో "భారతి" అనే సాహిత్య పత్రిక. కొమర్రాజు లక్ష్మణరావు గారు మొదలుపెట్టి వదిలి వెళ్లిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని మళ్లీ అచ్చు వేయించారు. 1937లో రాయలసీమ, కోస్తా నాయకులు ఒక ఒప్పందం చేసుకున్నారు, స్కూల్లో చదివే ఉంటారు, శ్రీబాగ్ ఒడంబడిక. "శ్రీబాగ్" అంటే మద్రాసులో పంతులు గారి ఇంటి పేరే. అంటే ఆంధ్ర రాష్ట్రం కథలో ఒక ముఖ్యమైన సంతకం, తలనొప్పి మందు అమ్మిన మనిషి ఇంట్లో జరిగింది. జనం ఆయన్ని దేశోద్ధారక అన్నారు. ఆ మరుసటి ఏడాదే, 1938లో, ఆయన చనిపోయారు.

అలా అని పంతులు గారిని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఆయన వ్యాపారం చేశారు, లాభం కోసమే అమ్మారు. ఆ రోజుల్లో మందుల యాడ్స్‌లో ఎవరు ఏం రాసుకున్నా పెద్దగా అడిగేవాళ్లు లేరు. ఇన్ని రోగాలు నయం చేస్తామని రాయకూడదని కట్టడి చేసే కేంద్ర చట్టం 1954లో గానీ రాలేదు. కానీ లెక్క చూడండి. ఆయన ఊరికే ఇచ్చింది ఒక వేలెడు బామ్. తిరిగి అడిగింది నమ్మకం. నాకు తగ్గితే ఇంకో సీసా కొంటాను, తగ్గకపోతే కొనను. నిర్ణయం నా నుదుటి దగ్గరే ఉంది. కచేరీలో బామ్ రాసుకున్నవాడి పేరేంటో, ఇల్లెక్కడో, జీతమెంతో పంతులు గారికి తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు.

మూడో కథ కిరాణా కొట్టుది. కొట్టు ముందు దండల్లా వేలాడే షాంపూ ప్యాకెట్లు గుర్తున్నాయా?

షాంపూ అంటే ఒకప్పుడు సీసాలోనే వచ్చేది, సీసా అంటే డబ్బున్న ఇంటి వస్తువు. మిగతావాళ్లకి కుంకుడుకాయో శీకాయో. తమిళనాడులోని కడలూరులో చిన్నికృష్ణన్ అనే ఆయన, కూలికి వెళ్లేవాళ్లు కూడా కొనగలిగేలా చిన్న ప్యాకెట్లో అమ్మాలని ఆలోచించారు. ఆయన పోయాక కొడుకులు వెల్వెట్ షాంపూ ప్యాకెట్లు తెచ్చారు. వాళ్లలో ఒకరు, సి.కె. రంగనాథన్, అన్నదమ్ముల నుంచి విడిపోయి 1983లో 15 వేల రూపాయలతో సొంతంగా మొదలుపెట్టారు. ఆ షాంపూ పేరు చిక్. అందులో ఉన్నవి నాన్న పేరులోని అక్షరాలే.

ఊళ్లల్లో ఎలా అమ్మారంటే, రజనీకాంత్ సినిమాలు వేశారు. మధ్యలో షాంపూ యాడ్. తర్వాత అందరి ముందు ఒక పిల్లాడికి తలంటి, జుట్టు ముట్టుకుని చూడమన్నారు. చివర్లో ప్యాకెట్లు పంచారు. ఇప్పుడు మనం "లైవ్ డెమో" అంటామే, అదే.

తర్వాత వేసిన ఎత్తు ఇంకా గట్టిది. ఏ కంపెనీదైనా సరే, ఐదు ఖాళీ షాంపూ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ప్యాకెట్ ఫ్రీ. ఒక్కసారి ఆలోచించండి. పోటీవాడి చెత్త తెచ్చిస్తే మన సరుకు ఊరికే ఇస్తున్నారు. పోటీవాడి కస్టమర్‌ని, అతని ఖాళీ ప్యాకెట్లతోనే ఇవతలికి లాగారు. కొన్నాళ్లకి రూల్ మార్చారు. ఇప్పుడు ఖాళీ చిక్ ప్యాకెట్లు మాత్రమే చెల్లుతాయి. ఈ స్కీమ్‌తో నెలకు 35 వేల రూపాయల అమ్మకాలు 12 లక్షలకి వెళ్లాయని రంగనాథన్ గారే ఇంటర్వ్యూలో చెప్పారు. తర్వాత మల్లె, గులాబీ వాసనలు వచ్చాయి, యాడ్‌లో అమల వచ్చారు. ఆ చిన్న కంపెనీయే ఇవాళ్టి కెవిన్‌కేర్.

దీనికీ ఇంకో వైపు ఉంది. ఆ ప్యాకెట్ల లాంటి పొరల పొరల ప్లాస్టిక్‌ని రీసైకిల్ చెయ్యడం చాలా కష్టం. వాన పడినప్పుడు మన నాలాల్లో తేలేవాటిలో ఈ ప్యాకెట్లూ ఉంటాయి. కానీ ఇవాళ్టి ప్రశ్న వరకు చూస్తే, ఫ్రీ ఇచ్చినవాళ్లు తిరిగి అడిగింది ఐదు ఖాళీ కవర్లు. ఇచ్చేసి చేతులు దులుపుకుంటే లెక్క అక్కడితో అయిపోయింది.

ఇక నాలుగో కథ. ఇది నాది.

బీటెక్ అయ్యాక మాదాపూర్‌లో ఒక కంపెనీలో మూడేళ్లు పనిచేశాను. పేరు అక్కర్లేదు. మా టీమ్ పని ఏంటంటే, షాపులకి, బ్రాండ్లకి ప్రమోషన్ పేజీలు తయారుచెయ్యడం. మీరందరూ ఆడే ఉంటారు, "చక్రం తిప్పండి, గిఫ్ట్ గెలవండి". ఫోన్ స్క్రీన్ మీద చక్రం గిర్రున తిరుగుతుంది, ముల్లు ఐఫోన్ దగ్గర ఆగబోయి, ఒక్క గడి దాటి "పది శాతం డిస్కౌంట్" మీద ఆగుతుంది. అయ్యో, కొంచెంలో మిస్ అనుకుంటాం. ఏం మిస్ కాలేదు ఫ్రెండ్స్. మేము చేసిన దాంట్లో మీరు బటన్ నొక్కగానే, చక్రం కదలక ముందే, ఏం రావాలో సర్వర్ నిర్ణయించేసేది. ఆ తిరగడం ఒట్టి బొమ్మ. ఐఫోన్ పక్కనే ఆగేలా ఆ బొమ్మ గీసింది నేనే.

ఆ పేజీలో అసలు సరుకు చక్రం కాదు. దానికి ముందొచ్చే ఫామ్. పేరు, ఫోన్ నంబర్, ఊరు. కింద చిన్న అక్షరాల్లో "ఆఫర్ల సమాచారం పొందడానికి అంగీకరిస్తున్నాను" అని ఒక గడి. ఆ గడిలో టిక్ ముందే పెట్టి ఉండాలని క్లయింట్ అడిగాడు. ఒక్క లైన్ కోడ్. చెక్డ్ ఈక్వల్స్ ట్రూ. రెండు సెకన్లలో రాశాను, టికెట్ క్లోజ్ చేశాను, టీకి వెళ్లాను. వారం తిరిగేసరికి ఆ టేబుల్ మొత్తం ఎక్సెల్ ఫైల్ అయ్యి మెయిల్లో వెళ్లిపోయేది. ఆ తర్వాత అది ఎక్కడికి వెళ్తుందో మేము అడగలేదు.

ఒక దసరాకి ఊరెళ్లాను. అమ్మ ఫోన్ మాట్లాడుతోంది. "అవునండీ, నా పేరే. అవునండీ, మా ఊరే. ఆ షాపులోనే చీరలు కొన్నాం" అంటోంది. అవతలివాడు లక్కీ డ్రాలో బంగారు నాణెం వచ్చిందంటున్నాడు. ఇప్పుడొచ్చే నంబర్ చెప్పమంటున్నాడు. నేను ఫోన్ లాక్కుని కట్ చేశాను. అమ్మకి కోపమొచ్చింది. "అతనికి నా పేరు తెలుసురా, చీరలు కొన్న సంగతీ తెలుసు. షాపువాడు కాకపోతే ఎలా తెలుస్తుంది?" అంది.

ఆ కాల్‌కీ, అమ్మ షాపులో నింపిన కూపన్‌కీ సంబంధం ఉందని నేను నిరూపించలేను. కానీ అతని దగ్గరున్నవి మూడే వివరాలు. పేరు, నంబర్, ఊరు. నా టేబుల్లో ఉన్న మూడు కాలమ్సే. అమ్మ వాణ్ణి నమ్మింది తెలివి తక్కువై కాదు, తన వివరాలు తెలిసినవాడు తెలిసినవాడే అనుకుంది కాబట్టి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఉద్యోగం మానేయడానికి వేరే కారణాలూ ఉన్నాయి, హీరోలా చెప్పుకోను. కానీ అదీ ఒక కారణం.

ఇప్పుడు నాలుగు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. టీ వాళ్లు అలవాటు అడిగారు. వద్దనుకుంటే మానేయొచ్చు. పంతులు గారు నమ్మకం అడిగారు. నచ్చకపోతే ఇంకో బామ్ కొనుక్కోవచ్చు. చిక్ వాళ్లు ఖాళీ ప్యాకెట్లు అడిగారు. ఇచ్చేస్తే అయిపోయింది. ముగ్గురూ లాభం కోసమే చేశారు, అందులో దాచడానికేం లేదు. కానీ ముగ్గురికీ మనం ఎవరో తెలీదు. ఓటీపీ అడిగేవాడికి తెలుస్తుంది. ఫేస్‌వాష్ ఒక్క పూటతో అయిపోతుంది, నంబర్ మాత్రం మనం మార్చేదాకా వాళ్ల దగ్గరే ఉంటుంది. బ్యాంకూ, ఆధారూ, గ్యాసూ అన్నీ దానికే లింక్ కాబట్టి మనం అంత ఈజీగా మార్చనూ లేం.

అందుకే కొన్ని పనికొచ్చే విషయాలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. బిల్లు వెయ్యాలంటే ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందే అని షాపువాళ్లు పట్టుబట్టకూడదని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. "నంబర్ లేకుండా బిల్ చెయ్యండి" అని అడగడం మన హక్కు. అదే ఏడాది ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒప్పుకోవడం అంటే మనం మన చేత్తో స్పష్టంగా చేసే పని. ముందే పెట్టిన టిక్ దాని కిందకి రాదు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆ చట్టం అంచెలంచెలుగా అమలులోకి వస్తోంది. నవంబర్‌లో, యాప్‌లలో మనల్ని మాయ చేసే 13 రకాల డిజైన్ ఎత్తులు తప్పని మార్గదర్శకాలు ఇచ్చారు. "ఇంకా ఐదు నిమిషాలే" అని అబద్ధపు గడియారం పెట్టడం, మనం అడగని వస్తువు కార్ట్‌లో వెయ్యడం, ఇవన్నీ అందులోవే. ప్రమోషన్ కాల్స్, మెసేజ్‌లు ఆపాలంటే 1909కి చెప్పొచ్చు. ఇవాళే అమ్మ ఫోన్లో, నాన్న ఫోన్లో మీరే చేసి పెట్టండి. వాళ్లకి చెప్పి ఊరుకోకండి, కూర్చుని చేసివ్వండి.

సరే, అమీర్‌పేట మెట్ల దగ్గరికి వెళ్దాం. నేను ఆ అమ్మాయిని "నంబర్ లేకుండా ఇవ్వొచ్చా?" అని అడిగాను. ట్యాబ్ నా వైపు తిప్పి చూపించింది. ఓటీపీ పడకపోతే అది లెక్కలోకి రాదు. లెక్క తక్కువైతే ఆ రోజు కూలిలో కట్ చేస్తారంట. తప్పు ఆ అమ్మాయిది కాదు. పొద్దుటినుంచి నిలబడి, తన కాళ్ల నొప్పితో మన నంబర్లు పోగుచేస్తోంది, అంతే.

స్క్రీన్ కిందకి చూశాను. చిన్న అక్షరాలు. ఒక గడి. అందులో ముందే పెట్టిన టిక్.

ఆ కోడ్ నేను రాసింది కాకపోవచ్చు. కానీ అలాంటిది నేను రాశాను. వేలితో టిక్ తీసేశాను. "సబ్మిట్" బటన్ బూడిద రంగులోకి మారిపోయింది. మళ్లీ టిక్ పెట్టాను, నంబర్ ఇచ్చాను, ఓటీపీ చెప్పాను. ఆ అమ్మాయి లెక్కలో ఒకటి పెరిగింది. ట్రైన్లో కూర్చున్నాక 1909కి చెప్పాను. నేను చేసింది కరెక్టో కాదో నాకింకా తెలీదు. మీరైతే ఏం చేసేవాళ్లో చెప్పండి.

లాస్ట్‌గా ఒక మాట. నేనూ ఇప్పుడు స్పాన్సర్ల డబ్బుతోనే బతుకుతున్నాను. ఈ వీడియో మీకు ఫ్రీ అంటే, దాని ఖరీదు ఇంకెవరో కడుతున్నారని అర్థం. ఈ ఎపిసోడ్‌కి మాత్రం స్పాన్సర్ ఎవరూ లేరు. వచ్చేవారం ఎపిసోడ్‌కి ఉన్నారు. ఎవరు, ఏంటి అన్నది వీడియో చివర్లో కాదు, మొదటి నిమిషంలోనే చెప్తాను. ఉంటాను ఫ్రెండ్స్.